సందు గేటుకు కావలి ఉన్న ఏండ్లు

ఈ మధ్య మా బస్తీ ఆడపిల్లలు చాలామంది తెల్లాపూర్ దిక్కు పెద్ద పెద్ద అపార్టుమెంట్ల గేట్ల దగ్గర సెక్యూరిటీ పనిలో చేరుతున్నారు. నీలం చొక్కా, నెత్తిన టోపీ, చేతిలో ఫోను. పొద్దున మా ఇంటి ముందు నుంచే బస్సుకు పోతారు. మొన్న ఒక పిల్ల ఆగి, "అమ్మమ్మా, నువ్వు గూడ అప్పట్ల గేటు కాడనే కొలువు జేసినవంట గద, ఏం పనుంటుండె?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు బస్సు వచ్చింది, పిల్ల పోయింది. చెప్పాల్సిన జవాబు అప్పటి నుంచి నా దగ్గరే ఉండిపోయింది. అందుకని చెబుతున్నాను.

నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తున్నది. నా మాటను పుస్తకం మాటలా సరిచేసి రాస్తానంది. రాసుకో, కానీ తిట్లు తీసేయవద్దు అన్నాను. ఈ పని తిట్లు లేకుండా చెప్పేది కాదు.

కొలువు ఎలా వచ్చిందంటే

ఇప్పుడు కొత్తగూడ నుంచి గోపన్‌పల్లి దాకా నేల ఎక్కడుందో వెతుక్కోవాలి. మా ఊరు వాటి నడుమనే ఉండేది. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడు అక్కడ అద్దాల మేడలే కనబడతాయి. అప్పుడు జొన్నచేలు, సీతాఫలం పొదలు, బండలు కొట్టే గుట్ట. ఊరికి ఒకటే పెద్ద వీధి. ఆ వీధి ఇళ్ల వెనక దొడ్లను ఆనుకొని ఒక సందు. ఎడ్లబండి ఒక్కటి పట్టేంత వెడల్పు. సందు చివర లింగంపల్లి పోయే బండ్లబాట. బస్సుకు పోవాలన్నా, చేనుకు పోవాలన్నా అందరికీ అదే దగ్గరి దారి. దొంగలకు కూడా అదే దగ్గరి దారి. దొడ్లో కోడి పోయేది, బిందె పోయేది, ఆరేసిన చీర పోయేది.

నా పెనిమిటి మల్లయ్య పంచాయతీ కావలి మనిషి. తెలంగాణ గొడవల్లో బడులు మూసేసిన ఏడు జ్వరం వచ్చి పోయాడు. ఆ తర్వాత కొన్ని నెలలకు సందుకు గేటు పెట్టాలని పంచాయతీలో అనుకున్నారు. గేటు దగ్గర పగలంతా ఉండాలి, వచ్చేవాళ్లను పోయేవాళ్లను చూసి గొలుసు తీయాలి, దీపాలవేళ తాళం వేయాలి. మగవాళ్లను అడిగితే, రోజంతా ఒకచోట కూర్చోవడం ఆడవాళ్ల పని అన్నారు. సరేనని నన్ను పెట్టారు. నేను చేరిన వారానికి ఆ మగవాళ్లే, గేటుకు ఆడమనిషేంది అన్నారు. అప్పుడే నాకు తెలియాల్సింది, ఈ ఊరితో ఎట్లా వేగాలో.

దారి మూసే అధికారం

మా సర్పంచును అందరూ పటేల అనేవాళ్లు. చెడ్డవాడు కాదు. ఏ పనైనా తాను అనుకున్న క్షణంలో అయిపోవాలి, అదీ ఆయన జబ్బు. పంచాయతీ సెక్రటరీ మూర్తిగారు కోస్తా వైపు నుంచి వచ్చినాయన, నెమ్మది మనిషి, ప్రతి మాటకూ కాగితం కావాలి. వీళ్లిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే ఎట్లా ఉంటుందో గేటు సంగతి మాట్లాడిన రోజు చూశాను. నేను గుమ్మం బయట నిలబడి ఉన్నాను.

"దారి పంచాయతీదేనండి, గేటు పెట్టుకునే అధికారం ఉంది," అన్నారు మూర్తిగారు. "కాకపోతే ముందు చాటింపు వెయ్యాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వినాలి. విన్నాక తీర్మానం రాసి పైన పంచాయతీ సమితికి పంపాలండి."

"పవర్ ఉన్నదంటివి గద. ఇగ ఇనుడేంది?" అన్నాడు పటేల.

"ఎవరి దారి మూస్తున్నామో తెలియాలి కదండీ."

"దొంగల దారి మూస్తున్నం. దొంగలొచ్చి అభ్యంతరం జెప్తరా?"

అందరూ నవ్వారు. చాటింపు వేయించారు, కాదనను. చావడి ముందు, నడి మధ్యాహ్నం, ఊరి ఆడవాళ్లంతా కలుపు తీసేందుకు చేలల్లో ఉన్నప్పుడు. అభ్యంతరం ఎవరు చెబుతారు, చావడి కుక్కలా?

గేటు వచ్చింది. పటేల ఇల్లు ఆ వరుసలో చివరిది కాబట్టి గేటు ఒక కొస ఆయన దొడ్డి గోడకే బిగించారు. ఆ గోడ గేటు దగ్గర ఆగిపోదు. గేటు బయట మలుపు తిరిగి, బండ్లబాట వెంట ఇంకా పది బారల దాకా పోతుంది. ఇది మీరు గుర్తుపెట్టుకోండి, నేను గుర్తుపెట్టుకోలేదు.

మొదటి పొద్దు

తాళం ఎప్పుడు తీయాలో కూడా తీర్మానంలో రాశారు. పొద్దు పొడిచాక. రాసిన ఏడుగురు పంచాయతీ మెంబర్లూ మగవాళ్లే.

మొదటి రోజు ఇంకా మసక వెలుతురు ఉండగానే గేటు దగ్గర పదిహేనుమంది ఆడవాళ్లు చెంబులు పట్టుకొని నిలబడి ఉన్నారు. ఆ రోజుల్లో ఇళ్లలో మరుగుదొడ్లు ఎక్కడివి? ఆడవాళ్లు వెలుతురు రాకముందే బాట అవతలి పొదల్లోకి పోయి రావాలి. నాకూ తెలుసు, నేనూ ఆడదాన్నే. కానీ మొదటి రోజు కదా, తీర్మానం అంటే భయం. పొద్దు పొడవనీయండి అన్నాను.

లచ్చవ్వ అని పాలమ్మే మనిషి ఉండేది. నాలుగు బర్రెలు, నాలుగు ఊళ్లకు వినబడే నోరు. ఆమె ముందుకొచ్చింది.

"ఏమే సత్తెమ్మా, నీ పంచాయతోళ్లు నా కడుపుకు గూడ తాళమేసిర్రా?"

"నేనేం జేతునే, గట్ల రాసిర్రు."

"రాసినోళ్లను తోల్కరా, ఈడ నిలబెడుదం. పొద్దు పొడిచేదాంక వాళ్లు ఆగుతరేమో సూద్దం."

తాళం తీశాను. ఆ పగలే పటేల పిలిపించి కేకలేశాడు. టైము టైమేనట, నా ఇష్టం కాదట. "ఆ టైము సంగతి జర మీ ఇంట్ల ఆడోళ్లను అడుగుండ్రి పటేలా," అని వచ్చేశాను. మరునాడు ఏ తీర్మానమూ లేకుండా టైము మారింది. ఎవరూ నాతో ఏమీ అనలేదు, ఎవరూ తప్పయిందనీ అనలేదు.

కొత్తగా ఈ పనిలో చేరిన బిడ్డలారా, మీకు కాగితం మీద రాసిచ్చేవాళ్లు ఆ గేటు గుండా నడిచేవాళ్లు కారు. కాగితం చదవండి, కాదనను. చదివాక గేటు దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో ఏముందో కూడా చూడండి.

గుట్ట కాడి వాళ్లు

ఇంకో తప్పు చెబుతాను. ఇది పటేలది కాదు, నాది.

దొంగతనం ఎవరు చేసినా ఊరు చెప్పేది ఒకటే పేరు: గుట్ట కాడ బండలు కొట్టేవాళ్లు. వాళ్లు వేరే జిల్లా నుంచి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. వాళ్లను సందులోకి రానీయవద్దని నాకు చెప్పారు. నేను రానీయలేదు. ఉప్పు కోసం, కిరసనాయిలు కోసం మా కిరాణా కొట్టుకే రావాలి వాళ్లు. గేటు దగ్గర ఆపితే ఊరంతా చుట్టి చావడి దిక్కు నుంచి వచ్చేవాళ్లు, ఎండలో, చంకన పిల్లలతో. కోళ్లు పోవడం మాత్రం ఆగలేదు.

ఎన్ని నెలలు ఆపానో లెక్కలేదు. ఒకరోజు ఒక ఆడమనిషి, చేతులనిండా రాతి దెబ్బల మచ్చలు, గేటు కింద గడపరాయి వంక చూసి అన్నది: "అవ్వా, ఈ బండ మేం గొట్టిందే. దీన్ని పానిచ్చినవు, మమ్ముల పానియ్యవా?"

 గొలుసు తీశాను. ఆమె పోయి ఉప్పు తెచ్చుకొని అదే దారిన వెనక్కి పోయింది, అంతే. ఆ అంతకోసం అన్ని నెలలు ఆపాను. నాకు చెప్పిన వాళ్ల మీద కోపం వస్తుంది గానీ, ఆపిన చెయ్యి నాదే.

నా మొహం

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను విధవరాలిని. బొట్టు లేదు, గాజులు లేవు. ఊళ్లో ఎవరు మంచి పనికి బయలుదేరినా ముండమోపి ఎదురు రాకూడదు. అది ఊరి పద్ధతి. నా మాటేమిటి, మా అమ్మ కూడా అదే పాటించేది. మరి ఊరు మొత్తం బయటికి పోయే దారిలో, పొద్దున లేచింది మొదలు పొద్దు గూకే దాకా, ఒక ముండమోపిని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పెట్టేటప్పుడు ఏడుగురిలో ఒక్కరికీ తోచలేదు. గేటు వచ్చిన నాలుగో రోజు ఊరంతటికీ ఒకేసారి తోచింది.

మంచి పనికి బయలుదేరిన వాళ్లు నన్ను చూడగానే వెనక్కి తిరిగిపోతారు. ఇంట్లో కాళ్లు కడుక్కొని, గుక్కెడు నీళ్లు తాగి, కాసేపు కూర్చొని మళ్లీ బయలుదేరతారు. మళ్లీ వచ్చేసరికి నేను అక్కడే ఉంటాను. ఎక్కడికి పోతాను? ఒకాయన భూమి కాగితాల పని మీద పోవాలని మూడుసార్లు వచ్చి మూడుసార్లు వెనక్కి పోయాడు. నాలుగోసారి వచ్చేసరికి బస్సు పోయింది.

"అంత నీవల్లనే," అన్నాడు.

"నేను కూసున్నకాడికెళ్లి కదిలిన్నా, అన్నా? కాళ్లు నీయి, తిరుగుడు నీది."

"ఎదురుంగ కూసుంటివి గద!"

"ఎదురుంగ కూసోకపోతే గేటు ఎనకకెళ్లి కాయాల్నా?"

మూర్తిగారు ఎప్పుడూ మాట తూలేవారు కాదు. ఆయన పద్ధతి వేరు. ఎర్రటి ఎండల్లో కూడా వాన గొడుగు తెచ్చేవారు. గేటు దగ్గరికి రాగానే దాన్ని నాకూ ఆయనకూ నడుమ వంచి పట్టుకొని, "తియ్యమ్మా," అనేవారు. గొడుగుకు గొలుసు తీసిన కావలి మనిషిని ఈ లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

వీపు తిప్పి చేసిన కావలి

ఈ గోల భరించలేక నేనే ఒక ఉపాయం చేశాను. నా కొలువులో అంత బుద్ధి తక్కువ పని ఇంకొకటి లేదు. ఎవరైనా మంచి పని మీద వస్తుంటే దూరం నుంచే, "సత్తెమ్మా, జర అటు తిరుగు!" అని అరవాలి. నేను గోడ వైపు తిరిగి, చెయ్యి వెనక్కి పెట్టి గొలుసు తీస్తాను. వాళ్లు పోయాక మళ్లీ ఇటు తిరుగుతాను. ఊరంతా మెచ్చుకుంది. సత్తెమ్మ ఎంత మంచిది, మర్యాద తెలిసిన మనిషి అన్నారు. ఊరు మెచ్చుకుంటే నాకూ బాగానే అనిపించింది.

ఒక మధ్యాహ్నం ఊళ్లో నుంచి మగగొంతు వినబడింది. "సత్తెమ్మా, పెండ్లి సూపులకు పోతున్నం, జర అటు తిరుగు!" తిరిగాను. గొలుసు తీశాను. గిట్టల చప్పుడు వినబడింది. బండి కట్టుకొని పోతున్నారనుకున్నాను.

సాయంత్రం లచ్చవ్వ వచ్చింది. దొడ్లో దూడ లేదట.

"ఎవడే తోల్కపోయింది?"

"సూడలే లచ్చవ్వా."

"గేటు కాడ కూసోని సూడలేదా?"

"పెండ్లి సూపులకు పోతున్నమన్నరు. మొహం తిప్పుకున్న."

లచ్చవ్వ అంత పెద్ద నోరున్న మనిషి, మెల్లగా అన్నది. "నా దూడకు పెండ్లి సూపులా సత్తెమ్మా?"

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. పొదుగు నిండి బర్రె రెండు రోజులు అరిచింది. ఆ అరుపు నా గుడిసె దాకా వినబడేది. దొంగ మా ఊరి పద్ధతిని మాకంటే బాగా నేర్చుకున్నాడు. నేను గేటు దగ్గర కూర్చొని దొంగకు మర్యాద చేశాను.

మరునాటి నుంచి మొహం తిప్పలేదు. ఎవరు అరిచినా తిప్పలేదు. మనిషి మొహం కనబడితేనే గొలుసు. తిట్టారు, ఉమ్మేశారు, పటేలకు చెప్పారు. "నా దూడ తెచ్చియ్యుండ్రి, అప్పుడు దాని మొహం తిప్పుతా," అని లచ్చవ్వ నా తరఫున అరిచింది. కొన్నాళ్లకు గోల తగ్గింది. నేనే గెలిచాననుకున్నాను. గోల తగ్గిందంటే వాళ్లు వేరే దారి చూసుకున్నారని అర్థం. ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు.

గంగాళం

పటేల కూతురు పద్మకు పెళ్లి కుదిరింది. అటక మీది ఇత్తడి గంగాళం, రెండు పెద్ద బిందెలు దింపి దొడ్లో పెట్టారు. ఇంటివాళ్లు పెళ్లి బట్టలకు పట్నం పోయారు. ఆ రోజు గేటు దగ్గర వాళ్లెవరూ నాకు కనబడలేదు. పెద్ద వీధి నుంచి బండి మీద పోయారేమో అనుకున్నాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి గంగాళం లేదు, బిందెలు లేవు.

పటేల నేరుగా గేటు దగ్గరికి వచ్చాడు.

"తాళం చెవి ఎవరి కాడున్నది?"

"నా కాడనే."

"పొద్దంత గేటు కాడ ఎవరున్నరు?"

"నేనే."

"మరి అంత పెద్ద గంగాళం రెక్కలొచ్చి ఎగిరిపోయిందా? ఆ బండలోళ్లను పానిస్తున్నవు గద, వాళ్లతోని కలిసినవా?"

ఆ రోజు గుట్ట మనుషులు ఎవరూ రాలేదు. నేను కన్నురెప్ప వేయలేదు. ఎంత చెప్పినా వినడే. మూడు రోజుల్లో పంచాయతీ కూర్చుంటుంది, కొలువు ఊడుతుంది అన్నాడు. కొలువు పోతే గేటు పక్క గుడిసె కూడా పోతుంది, అది పంచాయతీది. దొంగదన్న పేరు మీద పోతే నన్ను ఆ ఊళ్లో కూలికి కూడా ఎవరూ పిలవరు.

ఆ మూడు రోజులు నేను చేసిన పని చెబితే నవ్వుతారు. తాళాన్ని చూశాను. గొలుసు ఒక్కొక్క లంకె పట్టి చూశాను. గేటు కీలు కదిపి చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నాకిచ్చింది గేటు కాబట్టి గేటునే చూశాను. గోడ ఎవరు చూడాలి?

తీర్మానం

పంచాయతీ పటేల ఇంటి అరుగు మీదే కూర్చుంది. ఏడుగురు, మూర్తిగారు, కింద నేను, ఇంకా ఊరి జనం. మూర్తిగారు పుస్తకం తెరిచి పెన్ను తీశారు. పటేల మొదలుపెట్టబోతుండగా లోపలి నుంచి ఆయన తల్లి కర్ర పట్టుకొని వచ్చింది. ఆమెను అందరం పెద్దవ్వ అనేవాళ్లం. పటేల తండ్రి పోయి చాలా ఏండ్లయింది, అంటే ఆమె కూడా నాలాంటిదే. ఇంట్లో ఏ మంచి పని ఉన్నా ఆమెను దొడ్డి వైపు గదిలో కూర్చోబెట్టేవాళ్లు. పెళ్లి మాట మొదలైనప్పటి నుంచి ఆమె అక్కడే ఉంది. అన్నం అక్కడికే పోతుంది, మాట మాత్రం పోదు.

ఆమె గుమ్మంలో నిలబడి కొడుకును అడిగింది. "ఏందిరా, కళాయాయన ఇంక రాలేదా? మూడు దినాలల్ల తెస్తనన్నడాయె. పెండ్లి దగ్గరికొచ్చె."

"ఏ కళాయాయన?" అన్నాడు పటేల.

"మీరు పట్నం పోయిన్నాడు వచ్చిండు గదరా. గంగాళం, బిందెలు కళాయికి తీస్కపోయిండు. అద్దం తీర్గ మెరవాలె అని నేనే జెప్పిన. ఎండల వచ్చిండని ఇంత సల్ల గూడ తాగిచ్చిన, పాపం."

 లచ్చవ్వ పకపకా నవ్వింది.

"గంగాళం పోయిందని మూడు దినాలసంది ఊరంత ఒర్రుతుంటే నాకెందుకు జెప్పలేదే అమ్మా?" అన్నాడు పటేల.

"నన్నెవరడిగిండ్రు? నాకెవరు జెప్పిండ్రు పోయిందని? పెండ్లింట్ల నాతోని మాట్లాడేటోళ్లెవరు?"

నేను లేచి నిలబడ్డాను. "పెద్దవ్వా, ఆయన ఏ తొవ్వల వచ్చిండు? నా గేటుల నుంచి రాలే."

"గోడ పొక్కల నుంచి వచ్చిండు బిడ్డా. వీళ్లు పట్నం పోయిన తొవ్వలనే."

అప్పుడు తెలిసింది నాకు. గేటు దాటి బయటికి పోయే ఆ పది బారల గోడలో మనిషి దూరేంత పొక్క చేసి, దానికి కంప అడ్డం పెట్టారు. మంచి పనులకు పటేల ఇంటివాళ్లు దొడ్లో నుంచి అటే పోతున్నారు. వాళ్లే కాదు, ఊళ్లో సగంమంది వాళ్ల దొడ్లో నుంచి అటే పోతున్నారు. నా గోల తగ్గిందని నేను సంబరపడ్డ రోజుల్లో జరిగింది అదీ. ఊరందరికీ తెలుసు. లచ్చవ్వకూ నాకూ మాత్రం చెప్పలేదు. చెప్పాలంటే ఎందుకు చేశారో కూడా చెప్పాలి కదా.

"ఆ పొక్క ఎందుకు చేసిర్రు పటేలా?" అని అడిగాను.

 ఏడుగురూ ఏడు దిక్కులు చూశారు. నా మొహం చూడకపోవడం వాళ్లకు అలవాటే కాబట్టి అది కష్టం కాలేదు.

ఇంత జరిగాక ఏమంటాడనుకుంటారు? ఇప్పటికీ తలుచుకుంటే నెత్తి కొట్టుకోవాలనిపిస్తుంది. "అయిందేదో అయింది. పొక్క పూడుస్తం. గేటు కాడ సత్తెమ్మను తీసేసి ఇంకోళ్లను పెడదం. రాయి మూర్తీ," అన్నాడు. పొక్క చేసింది వాళ్లు, దొంగకు చల్ల పోసింది వాళ్ల ఇల్లు, ఊడేది నా కొలువు!

మూర్తిగారు పెన్ను కాగితం మీద పెట్టి ఆగారు. "కారణం రాయాలండి."

"నిర్లక్ష్యం అని రాయి."

"నిర్లక్ష్యం అంటే తాళం తెరిచి ఉండాలండి, లేకపోతే మనిషి అక్కడ లేకుండా ఉండాలి. తాళం వేసే ఉంది. ఆవిడ అక్కడే ఉంది. సమితిలో అడిగితే నేనేం చెప్పనండి?"

"ఏదో ఒకటి రాయవయ్యా!"

నాకు తెగింపు వచ్చింది. "ఉన్నదే రాయుండ్రి సారూ. మంచి పనికి పోయేటప్పుడు ముండమోపి మొహం ఎదురొస్తున్నదని తీసేసిర్రు అని రాయుండ్రి. గట్ల రాస్తె నేను ఏలిముద్ర గాదు, సంతకమే వెడతా. వచ్చు నాకు."

మూర్తిగారు తల ఎత్తలేదు. ఆయన గొడుగు పక్కనే గోడకు ఆనించి ఉంది. "ఆ మాట నేను రాయలేనండి," అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు.

పెద్దవ్వ గుమ్మంలో నుంచి కదిలి అరుగు మీదికి వచ్చింది. "ఎందుకు రాయవు? రాయి. రాసి దాని కింద నా పేరు గూడ రాయి. దాన్ని గేటు కాడికెళ్లి తీసేస్తున్నరు గద, నన్ను ఇంట్లకెళ్లి తీసేస్తున్నమని గూడ అండ్లనే రాయి. ఇద్దరికి ఒకటే కాయిదం సరిపోతది."

"అమ్మా, నువ్వు లోపలికి పో," అన్నాడు పటేల. ఆమె పోలేదు. కర్ర పక్కన పెట్టి అరుగు అంచున కూర్చుంది. ఆమె ఊరి ముందు అట్లా కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు.

మూర్తిగారు పటేల వంక చూశారు. పటేల "రాయి" అనలేదు, "వద్దు" అనలేదు. చివరికి మూర్తిగారు ఆ ఖాళీ జాగా కింద అడ్డంగా ఒక గీత గీసి, తర్వాతి సంగతి, బావి గట్టు మరమ్మతు అని రాసుకున్నారు. నా కొలువు నిలబడడం అంటే అంతే. నిలబెడుతున్నామని ఎవరూ అనలేదు. తీసేయడానికి కారణం రాసే చెయ్యి దొరకలేదు.

బిడ్డలారా, మిమ్మల్ని ఎవరైనా గేటు దగ్గర నుంచి పొమ్మంటే కారణం కాగితం మీద రాయమని అడగండి. నోటితో ఎన్నయినా అనే మనుషులకు పెన్ను దగ్గర సిగ్గు వస్తుంది. అన్నిసార్లూ రాదు. ఆ రోజు వచ్చింది.

గంగాళం దొరకలేదు. ఆ చల్ల తాగిన మనిషీ దొరకలేదు.

మరునాడు

పొద్దున లేచేసరికి పొక్క పూడ్చేసి ఉంది. మట్టి ఇంకా తడిగా ఉంది. పటేల లగ్నపత్రిక పని మీద లింగంపల్లి పోవాలి. తెల్లటి ధోవతి, భుజాన కండువా, చేతిలో సంచి. గేటు ముందుకు వచ్చి నిలబడ్డాడు. వెనక లచ్చవ్వ పాలక్యాను నెత్తిన పెట్టుకొని ఉంది.

"తియ్యి," అన్నాడు, నేల చూస్తూ.

నేను గొలుసు ముట్టుకోలేదు. "ఎవరది?"

"ఎవరంటవేందే? నేను."

"నేనంటే ఎవరు? మొహం కనబడంది గొలుసు తియ్య. మొన్న ఒకడు ఉట్టి గొంతుతోనే దూడను తోల్కపోయిండు."

"సత్తెమ్మా, మంచి పనికి పోతున్న."

"పోండ్రి. నేనొద్దన్ననా? మొహం సూపెట్టి పోండ్రి."

ఆయన సంచి ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. వెనక్కి ఒకసారి చూశాడు. వెనక గోడ ఉంది, తడి మట్టి ఉంది, లచ్చవ్వ ఉంది.

"జర జల్ది కానియ్యుండ్రి పటేలా," అన్నది లచ్చవ్వ. "మీ ఇద్దరి నడుమ నా పాలు ఇరుగుతున్నయి."

పటేల తల ఎత్తాడు. నా బోడి నుదురు చూశాడు, నా కళ్లలోకి చూశాడు. నేను గొలుసు తీశాను.